కన్వర్టెడ్ ఇంట్లో ఫ్లాట్ ఉందా? మెయింటెనెన్స్ ఖర్చు గొడవ లేకుండా పంచుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

లండన్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పాత విక్టోరియన్ ఇళ్లని రెండు, మూడు, నాలుగు ఫ్లాట్లుగా విడగొట్టి అమ్ముతుంటారు కదా, అలాంటి చోట కొనుక్కున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు అడిగేది ఇంచుమించు ఒకే ప్రశ్న: "పైకప్పు కారుతోంది, కింది ఫ్లాట్ వాళ్లు మాకేం సంబంధం అంటున్నారు, ఎవరు ఎంత కట్టాలి?"

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్‌లో ఉండి వచ్చినవాళ్లు ఇక్కడే తికమకపడతారు. అక్కడైతే అసోసియేషన్ మీటింగ్ పెట్టి చదరపు అడుగుకి ఇంత అనో, ఫ్లాట్‌కి ఇంత అనో తీర్మానం చేసేస్తారు. ఇంగ్లండ్‌లో ఎవరు ఎంత కట్టాలో ప్రతి ఫ్లాట్ లీజులో (ఫ్లాట్ కొన్న లీజ్‌హోల్డర్‌కీ, ఇంటికి అసలు యజమాని అయిన ఫ్రీహోల్డర్‌కీ మధ్య ఉండే దీర్ఘకాల ఒప్పందం) ముందే రాసి ఉంటుంది, దాన్ని మెజారిటీతో మార్చడం కుదరదు. కాబట్టి ముందు లీజు, తర్వాత లెక్క, ఆ తర్వాతే పని. ఈ వరస తప్పితే ఎంత మంచి పొరుగువాళ్ల మధ్య అయినా మాట మాట పెరుగుతుంది.

ఇక్కడ రాసింది ఇంగ్లండ్‌కి. వేల్స్‌లో నియమాలు చాలావరకు ఇవే గానీ ఇలాంటి గొడవలు తేల్చే ట్రైబ్యునల్ వేరు. స్కాట్లాండ్ చట్టం మొత్తమే వేరు.

## 1. ముందు కాగితాలన్నీ చేతికి తెచ్చుకోండి

మీ లీజు ఒక్కటి చదివితే చాలదు. ఇంట్లో ఉన్న అన్ని ఫ్లాట్ల లీజులూ కావాలి. ఆస్తుల రిజిస్టర్ ఉంచే ప్రభుత్వ సంస్థ హెచ్ఎం ల్యాండ్ రిజిస్ట్రీకి ఫీజు కట్టి ఎవరైనా వీటి కాపీలు తీసుకోవచ్చు, పక్క ఫ్లాట్ వాళ్ల అనుమతి అక్కర్లేదు. అయినా ఒక మాట చెప్పి తీసుకుంటే మర్యాదగా ఉంటుంది.

తెచ్చుకోవాల్సినవి:

- ఫ్రీహోల్డ్ టైటిల్ రిజిస్టర్ (అసలు యజమాని ఎవరో తెలుస్తుంది)
- ప్రతి ఫ్లాట్ టైటిల్ రిజిస్టర్, లీజు, లీజు ప్లాన్
- లీజుని తర్వాత ఎప్పుడైనా సవరించి ఉంటే ఆ డీడ్
- ఇప్పుడు నడుస్తున్న బిల్డింగ్ ఇన్సూరెన్స్ పాలసీ
- గత మూడేళ్ల ఖర్చుల లెక్కలు, రశీదులు, ఎంత ఉంటే అంత

లీజు చదివేటప్పుడు పసుపు పెన్ను పట్టుకుని ఈ నాలుగు చోట్ల గీత గీయండి: మీ ఫ్లాట్ అంటే ఏయే భాగాలో చెప్పే నిర్వచనం, ఫ్రీహోల్డర్ చేయాల్సిన పనుల జాబితా, మీరు చేయాల్సిన పనుల జాబితా, సర్వీస్ ఛార్జ్ (ఉమ్మడి ఖర్చుల్లో మీరు కట్టే వాటా) షెడ్యూల్. డబ్బు ముందుగా అడగొచ్చా లేక ఖర్చయ్యాకే అడగాలా, రిజర్వ్ ఫండ్ (పెద్ద పనుల కోసం ముందుగా కూడబెట్టే నిధి) పెట్టొచ్చా, ఏ తేదీల్లో కట్టాలి అన్నవి కూడా ఆ షెడ్యూల్‌లోనే ఉంటాయి. పాత లీజుల్లో తేదీలు మార్చి 25, జూన్ 24, సెప్టెంబర్ 29, డిసెంబర్ 25 అని కనిపిస్తే కంగారు పడొద్దు, అవి ఇక్కడి సంప్రదాయ త్రైమాసిక తేదీలు.

## 2. ఏది ఎవరిదో ఒక పట్టిక రాసుకోండి

గొడవల్లో ఎక్కువ భాగం వాటా శాతం దగ్గర రావు, అసలు ఆ భాగం ఉమ్మడిదా కాదా అన్న దగ్గరే వస్తాయి. పైకప్పునే తీసుకోండి. చాలా లీజుల్లో అది ఫ్రీహోల్డర్ బాగుచేయించి అందరి దగ్గరా వసూలు చేసే భాగం. కానీ కొన్ని పాత లీజుల్లో పైకప్పు పై ఫ్లాట్ వాళ్లదే, పునాది కింది ఫ్లాట్ వాళ్లదే అని రాసేశారు. అలా రాసి ఉంటే కింది వాళ్లు "మాకేం సంబంధం" అనడంలో తప్పేం లేదు.

ఒక కాగితం మీద ఎడమవైపు ఈ పేర్లు రాసి, ఒక్కోదానికి ఎదురుగా ఎవరు బాగుచేయించాలి, ఎవరు డబ్బు కట్టాలి, లీజులో ఏ క్లాజు అని మూడు గడులు పెట్టండి:

- పైకప్పు, చిమ్నీలు, గట్టర్లు, వాన నీటి పైపులు
- బయటి గోడలు, పునాది
- కిటికీల ఫ్రేములు, కిటికీల అద్దాలు (రెండూ విడివిడిగా రాయండి, చాలా లీజుల్లో అద్దం మీది, ఫ్రేము ఉమ్మడిది)
- వీధి తలుపు, హాలు, మెట్లదారి, అక్కడి లైట్లు
- ఫ్లాట్ల మధ్య అంతస్తు, దూలాలు, సీలింగ్
- డ్రైన్లు, నీళ్ల మెయిన్ పైపు
- తోట, కాంపౌండ్ గోడ, బయటి మెట్లు

బాగుచేయించే బాధ్యత ఒకరిది, డబ్బు ఇంకొకరిది కావచ్చు, అందుకే రెండు గడులు. లీజు స్పష్టంగా లేని చోట ప్రశ్న గుర్తు పెట్టి వదిలేయండి, ఊహించి నింపొద్దు. ఆ ప్రశ్న గుర్తులన్నీ కలిపి సొలిసిటర్‌ని ఒకేసారి అడిగితే ఫీజు తగ్గుతుంది. అంతకంటే ముందు లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్‌ని సంప్రదించండి. ప్రభుత్వ నిధులతో నడిచే ఈ సంస్థ ప్రాథమిక సలహా ఉచితంగా ఇస్తుంది.

డ్రైన్ల సంగతి ఒకటి చాలామందికి తెలియదు. వరస ఇళ్లలో మీ డ్రైను పక్క ఇంటి డ్రైనుతో కలిసే చోటి నుంచి అది సాధారణంగా వాటర్ కంపెనీ బాధ్యత, 2011 అక్టోబర్ 1 నుంచి ఈ నియమం ఉంది. మూసుకుపోయిందని ప్లంబర్‌ని పిలిచి అందరి దగ్గరా డబ్బు వసూలు చేసే ముందు వాటర్ కంపెనీకి ఒక ఫోన్ చేయండి. అలాగే చిమ్నీ పక్కింటితో ఉమ్మడి గోడ మీద ఉంటే ఆ ఇంటి వాళ్లకీ వాటా ఉండొచ్చు. పార్టీ వాల్ చట్టం కింద నోటీసు అవసరమయ్యే పనైతే కనీసం రెండు నెలల ముందు ఇవ్వాలి.

## 3. వాటాలు కూడితే వంద వస్తోందా?

లీజుల్లో వాటా రాసే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి: ఫ్లాట్‌కి సమానంగా, ఇంత శాతం అని స్థిరంగా, విస్తీర్ణం బట్టి, పాత రేటబుల్ వాల్యూ బట్టి, లేదా "న్యాయమైన వాటా" అని మాత్రమే. రేటబుల్ వాల్యూ అనేది ఇళ్లకి 1990లోనే రద్దయిన పన్ను విధానానికి సంబంధించింది, అయినా పాత లీజుల్లో ఇంకా అదే లెక్క నడుస్తోంది.

ఇప్పుడు అన్ని లీజుల శాతాలూ కూడండి. ఒక్కో ఫ్లాటు ఒక్కో ఏడాది అమ్ముడుపోయి, ఒక్కో సొలిసిటర్ రాసిన లీజులైతే మొత్తం 99 రావచ్చు, 105 కూడా రావచ్చు. తక్కువొస్తే ఆ తేడా ఫ్రీహోల్డర్ నెత్తిన పడుతుంది, ఎక్కువొస్తే ఖర్చయిన దానికంటే ఎక్కువ వసూలవుతుంది.

దీన్ని సరిచేయడానికి రెండు దారులు. అందరూ ఒప్పుకుంటే సవరణ డీడ్ రాయించి రిజిస్టర్ చేయించడం, తాకట్టు లోన్ ఉన్నవాళ్లు బ్యాంకుకి చెప్పి అనుమతి తీసుకోవాలి. ఒప్పుకోకపోతే 1987 ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం సెక్షన్ 35 కింద ట్రైబ్యునల్‌ని అడగడం. "మనలో మనం అనుకున్నాం కదా, తలా మూడో వంతు" అని నోటిమాట మీద నడిపేస్తే, ఒక ఫ్లాట్ అమ్ముడుపోయి కొత్తవాళ్లు వచ్చిన రోజున ఆ మాట నిలవదు. వాళ్లు లీజులో ఉన్నదే కడతారు, అది వాళ్ల హక్కు కూడా.

## 4. నడిపేది ఎవరు?

బయటి ఫ్రీహోల్డర్ ఉంటే అతనో అతని ఏజెంటో పనులు చేయించి బిల్లు పంపాలి. వాళ్లు పట్టించుకోకపోతే రైట్ టు మేనేజ్ (ఇంటి నిర్వహణని ఫ్లాట్ల వాళ్లే చేతిలోకి తీసుకునే హక్కు) అనే దారి ఉంది, ఫ్రీహోల్డర్ తప్పు చేశాడని నిరూపించక్కర్లేదు. కనీసం సగం ఫ్లాట్లు చేరాలి, ఇంట్లో ఉన్నవే రెండు ఫ్లాట్లయితే ఇద్దరూ చేరాలి. నాలుగు లేదా అంతకంటే తక్కువ ఫ్లాట్లున్న కన్వర్టెడ్ ఇంట్లో ఫ్రీహోల్డర్ తనే నివాసం ఉంటే మాత్రం సాధారణంగా ఈ హక్కు దొరకదు.

చిన్న ఇళ్లలో తరచుగా ఫ్రీహోల్డ్‌ని ఫ్లాట్ల వాళ్లే కలిసి కొనుక్కుని ఉంటారు. రిజిస్ట్రీలో నలుగురికి మించి పేర్లు ఎక్కించడం కుదరదు కాబట్టి ఎక్కువమంది ఉంటే కంపెనీ పెడతారు. ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుంచుకోండి: ఫ్రీహోల్డ్ మీదే అయినా సర్వీస్ ఛార్జ్ చట్టాలన్నీ మీకూ వర్తిస్తాయి. ఒకే మనిషి రెండు కుర్చీల్లో ఉన్నట్టు, ఫ్రీహోల్డర్‌గా నోటీసు పంపేదీ మీరే, లీజ్‌హోల్డర్‌గా అందుకునేదీ మీరే.

పనులు పేర్ల వారీగా పంచుకోండి: ఇన్సూరెన్స్ ఒకరు, బ్యాంకు ఖాతా ఒకరు, కాంట్రాక్టర్లతో మాట్లాడేది ఒకరు. కంపెనీ ఉంటే కంపెనీస్ హౌస్‌కి (కంపెనీల రిజిస్టర్ చూసే ప్రభుత్వ సంస్థ) ఏటా పంపాల్సిన అకౌంట్స్, కన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్ ఎవరు పంపుతారో కూడా రాసుకోండి. పంపకపోతే కంపెనీ పేరు రిజిస్టర్ నుంచి కొట్టేసే ప్రమాదం ఉంది, అప్పుడు ఫ్రీహోల్డ్ ప్రభుత్వం పరమవుతుంది, తిరిగి తెచ్చుకోవడానికి చాలా తిప్పలు పడాలి.

## 5. ఏడాది బడ్జెట్, విడి ఖాతా

మూడు ఫ్లాట్ల ఇంటికి ఉదాహరణగా ఒక లెక్క వేద్దాం. తోట ఉన్న కింది ఫ్లాట్ పెద్దది కాబట్టి 40 శాతం, మిగతా రెండూ చెరో 30 శాతం అనుకోండి.

- బిల్డింగ్ ఇన్సూరెన్స్: 1,500 పౌండ్లు
- గట్టర్లు ఏడాదికి రెండుసార్లు శుభ్రం: 240
- హాలు, మెట్ల కరెంటు: 120
- ఫైర్ రిస్క్ అసెస్‌మెంట్, అలారం చెకింగ్: 240
- అకౌంట్స్: 300
- రిజర్వ్ ఫండ్: 1,800
- మొత్తం: 4,200

కింది ఫ్లాట్ 1,680, మిగతావాళ్లు చెరో 1,260. నెలకి లెక్కేస్తే 140, 105. ఇవి నమూనా అంకెలు, మీ ఇంటికి కొటేషన్లు తీసుకుని మీ అంకెలు వేసుకోండి.

ఇన్సూరెన్స్ ఇంటి మొత్తానికి ఒకటే పాలసీ ఉండాలి, బీమా చేసే మొత్తం కూడా మార్కెట్ ధరకి కాకుండా ఇల్లు మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చుకి ఉండాలి. మెట్లదారి లాంటి ఉమ్మడి భాగాలకి ఫైర్ రిస్క్ అసెస్‌మెంట్ చట్టం ప్రకారం తప్పనిసరి, ఇల్లు ఎంత చిన్నదైనా సరే.

రిజర్వ్ ఫండ్‌కి లీజులో అనుమతి ఉంటేనే తప్పనిసరిగా వసూలు చేయగలరు. నన్నడిగితే అనుమతి లేని ఇళ్లలో వాటాల సవరణ డీడ్ రాయించేటప్పుడే దీన్నీ చేర్పించుకోవడం చాలా మంచిది, ఎందుకంటే పైకప్పు మార్చాల్సిన ఏడాది వేల పౌండ్లు ఒక్కసారిగా తీయమంటే అందరి దగ్గరా ఉండవు, ఒకరి దగ్గర లేకపోతే మిగతావాళ్ల పని కూడా ఆగిపోయి ఆ శీతాకాలమంతా బకెట్లు పెట్టుకుని కూర్చోవాలి.

వసూలైన సొమ్ము చట్టం దృష్టిలో ట్రస్టు సొమ్ము. ఎవరి సొంత ఖాతాలోనూ కలపొద్దు. విడి ఖాతా తెరిచి, ఇద్దరి అనుమతి ఉంటేనే డబ్బు బయటికి వెళ్లేలా పెట్టండి.

## 6. పెద్ద పని: 250 పౌండ్ల గీత

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఇదే. ఒక పనికి ఏ ఒక్క లీజ్‌హోల్డర్ వాటా అయినా వ్యాట్‌తో కలిపి 250 పౌండ్లు దాటితే 1985 ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం సెక్షన్ 20 ప్రకారం ముందు లీజ్‌హోల్డర్లతో సంప్రదింపులు జరపాలి. మన ఉదాహరణలో ఎక్కువ వాటా 40 శాతం కాబట్టి పని మొత్తం ఖర్చు 625 పౌండ్లు దాటగానే ఇది మొదలవుతుంది. అంటే స్కాఫోల్డింగ్ (పరంజా) పడే పని దాదాపు ఏదైనా ఇందులోకే వస్తుంది. ఏడాదికి మించిన కాంట్రాక్టులో (క్లీనింగ్, మేనేజింగ్ ఏజెంట్ లాంటివి) ఒకరి వాటా ఏడాదికి 100 పౌండ్లు దాటినా సంప్రదింపులు తప్పవు.

వరస ఇది:

1. మొదటి నోటీసు. ఏం పని, ఎందుకు అవసరం అని రాసి, అభిప్రాయాలూ కాంట్రాక్టర్ల పేర్లూ చెప్పడానికి 30 రోజులు ఇవ్వాలి.
2. కనీసం రెండు ఎస్టిమేట్లు. ఒకటైనా ఫ్రీహోల్డర్‌తో సంబంధం లేనివాళ్ల దగ్గర్నుంచి ఉండాలి. లీజ్‌హోల్డర్ సూచించిన కాంట్రాక్టర్‌నీ అడగాలి.
3. రెండో నోటీసు. ఎస్టిమేట్ల వివరాలు, మొదటి విడతలో వచ్చిన అభిప్రాయాలు, వాటికి జవాబులు. మళ్లీ 30 రోజులు.
4. కాంట్రాక్టు. అన్నిట్లో తక్కువ కోట్ చేసినవాళ్లకీ, లీజ్‌హోల్డర్ సూచించినవాళ్లకీ కాకుండా వేరేవాళ్లకి ఇస్తే 21 రోజుల్లోపు కారణం రాసి పంపాలి.

ఇది చేయకపోతే ఏమవుతుంది? పైకప్పు పని 8,000, వ్యాట్ 1,600, మొత్తం 9,600 పౌండ్లు అనుకోండి. సక్రమంగా చేస్తే 3,840, 2,880, 2,880. నోటీసులు లేకుండా చేయిస్తే ఒక్కొక్కరి దగ్గర 250 మించి వసూలు చేయలేరు, అంటే 750. మిగిలిన 8,850 ఫ్రీహోల్డర్ భరించాలి, ఆ ఫ్రీహోల్డర్ మీ ముగ్గురి కంపెనీయే అయితే దాని దగ్గర వేరే డబ్బు ఎక్కడిది?

నిజంగా అత్యవసరమైతే మినహాయింపు ఇమ్మని ట్రైబ్యునల్‌ని అడగొచ్చు. నోటీసులు లేకపోవడం వల్ల లీజ్‌హోల్డర్లకి నిజంగా నష్టం జరిగిందా అన్నదే ముఖ్యమని 2013లో యూకే సుప్రీం కోర్టు చెప్పింది. అయినా దాన్ని నమ్ముకుని ముందు పని చేసేయడం మంచిది కాదు. ప్లాస్టిక్ షీటుతో తాత్కాలికంగా కప్పించి, అసలు పనికి నోటీసులు పంపండి.

రెండు నోటీసులు, ఎస్టిమేట్లు కలిపి మూడు నెలలు పడుతుంది. వేసవిలో పని జరగాలంటే ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలి.

ఎస్టిమేట్లు అడిగే ముందు చార్టర్డ్ సర్వేయర్‌తో పనుల జాబితా రాయించండి. అందరు కాంట్రాక్టర్లూ అదే జాబితాకి ధర చెబితేనే పోల్చగలం, లేకపోతే ఒకరు సగం కప్పుకి, ఇంకొకరు మొత్తం కప్పుకి చెప్పి మనల్ని అయోమయంలో పడేస్తారు. స్కాఫోల్డింగ్ ఒకసారి కట్టినప్పుడే గట్టర్లు, చిమ్నీ, గోడ పాయింటింగ్ (ఇటుకల మధ్య సందులు నింపడం), కిటికీల పెయింటు అన్నీ చేయించేలా కలిపి రాయించండి. పాత లండన్ ఇళ్లలో బటర్‌ఫ్లై రూఫ్ ఉంటే, అంటే వీధి వైపు పిట్టగోడ వెనక రెండు వాలులూ మధ్యలో ఒక పల్లంలోకి దిగేది, ఆ మధ్య గట్టర్ కింది నుంచి కనబడదు, ఆకులు చేరితే నీళ్లు నేరుగా పై ఫ్లాట్ సీలింగ్‌లోకి వస్తాయి, దాన్ని జాబితాలో పేరు పెట్టి రాయించండి. పాయింటింగ్‌కి సున్నం గచ్చు అని కూడా స్పష్టంగా ఉండాలి. పాత ఇటుకకి సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి ఇటుక పెచ్చులూడుతుంది.

## 7. బిల్లు ఇలా ఉండాలి

వాట్సాప్‌లో "అందరూ వెయ్యి వేయండి" అని పెట్టేది చట్టపరమైన డిమాండ్ కాదు. కాగితం మీద ఇవి ఉండాలి:

- ఫ్రీహోల్డర్ పేరు, అడ్రసు
- నోటీసులు అందుకోవడానికి ఇంగ్లండ్ లేదా వేల్స్‌లోని అడ్రసు
- ఏ కాలానికి, మొత్తం ఖర్చెంత, మీ వాటా ఎంత శాతం, కట్టాల్సింది ఎంత
- లీజు ప్రకారం గడువు తేదీ
- లీజ్‌హోల్డర్ హక్కులు, బాధ్యతల సారాంశం, చట్టం చెప్పిన వాక్యాల్లోనే

ఆఖరిది జత చేయకపోతే, చేసేదాకా కట్టకుండా ఉండే హక్కు లీజ్‌హోల్డర్‌కి ఉంది. ఫ్రీహోల్డర్లలో ఒకరు ఇండియా వెళ్లిపోయి ఉంటే హైదరాబాద్ అడ్రసు ఒక్కటే ఇస్తే సరిపోదు, ఇక్కడి అడ్రసు ఒకటి తప్పకుండా ఇవ్వండి.

ఇంకొక గడువు: ఖర్చు పడిన 18 నెలల్లోపు బిల్లు పంపాలి, లేదా ఇంత ఖర్చయింది, తర్వాత వసూలు చేస్తాం అని రాతపూర్వకంగా తెలియజేయాలి. రెండూ చేయకపోతే ఆ ఖర్చు అడిగే హక్కు పోతుంది.

## 8. తరచుగా జరిగే పొరపాట్లు, సరిచేసుకునే దారి

"మేం పైకప్పు వాడం, కట్టం" అంటారు. లీజులో ఉమ్మడి అని ఉంటే వాడకంతో పనిలేదు. పట్టికలో క్లాజు నంబరు చూపించండి, వాదన అక్కర్లేదు. ఇదే లెక్కన మెట్లకి పెయింటు విషయంలో కింది ఫ్లాట్‌కి విడి వీధి తలుపు ఉన్నా, లీజు మినహాయిస్తేనే మినహాయింపు.

రిపేరు పేరుతో హంగులు. వీడియో డోర్‌బెల్, గ్రానైట్ మెట్లు లాంటివి లీజు అనుమతిస్తేనే సర్వీస్ ఛార్జ్‌లోకి వస్తాయి. కావాలనుకున్నవాళ్లు వేరే ఒప్పందం రాసుకుని సొంత డబ్బుతో పెట్టించుకోవాలి.

ఒకరు ముందు తన జేబులోంచి కట్టేసి, తర్వాత అడగడం. ఫ్రీహోల్డర్ తరఫున కాకుండా సొంతంగా చేయించిన పనికి వసూలు హక్కు ఉండకపోవచ్చు. మీరు చెల్లించే ముందే ఫ్రీహోల్డర్లు లేదా కంపెనీ డైరెక్టర్ల అంగీకారం ఈమెయిల్‌లో తీసుకోండి.

అద్దెకిచ్చి ఇండియా వెళ్లిపోయిన ఓనరు. నోటీసు ఫ్లాట్‌కి వస్తుంది, అద్దెకున్నవాళ్లు పక్కన పడేస్తారు, 30 రోజులు గడిచిపోతాయి. అలాంటి ఫ్లాట్ మీదైతే మీ ఈమెయిల్, తపాలా అడ్రసు ఫ్రీహోల్డర్‌కి రాసివ్వండి. సర్వీస్ ఛార్జ్ బాధ్యత ఓనరుదే, అద్దెకున్నవాళ్లది కాదు. రశీదులు దాచండి, రిపేర్ల ఖర్చు అద్దె ఆదాయం పన్ను లెక్కలో పనికొస్తుంది.

## 9. ఒకరు కట్టకపోతే

ముందు మనిషితో మాట్లాడండి. డబ్బు ఇబ్బందా, లెక్క మీద అనుమానమా తేల్చుకోండి. ఇబ్బందైతే వాయిదాలు రాసుకోండి. అనుమానమైతే ఫైలు మొత్తం ముందు పెట్టండి, ఖర్చుల వివరం అడగడం, రశీదులు చూడటం వాళ్ల హక్కు.

అప్పటికీ తేలకపోతే ఫస్ట్-టియర్ ట్రైబ్యునల్ ప్రాపర్టీ ఛాంబర్‌కి వెళ్లాలి. సర్వీస్ ఛార్జ్ కట్టాలా, ఎంత, అది సబబైన మొత్తమేనా అన్నది 1985 చట్టం సెక్షన్ 27ఏ కింద అది తేలుస్తుంది. లీజ్‌హోల్డర్ కూడా అక్కడికి వెళ్లొచ్చు, డబ్బు కట్టాక కూడా వెళ్లొచ్చు. ఫ్లాట్ జప్తు చేస్తామని బెదిరించే ఉత్తరాలు రాయొద్దు. మొత్తం ఎంతో తేలకముందు ఆ దారిలో వెళ్లడానికి చట్టం ఒప్పుకోదు, పైగా ఒకే ఇంట్లో రోజూ మెట్ల మీద ఎదురుపడే మనుషులు.

## 10. అమ్మకం రాకముందే ఫైలు సిద్ధం

ఎవరైనా ఫ్లాట్ అమ్మేటప్పుడు అమ్మేవాళ్ల సొలిసిటర్ ఫ్రీహోల్డర్‌కో ఏజెంటుకో ఎల్పీఈ1 అనే ఫారం పంపుతారు. మూడేళ్ల అకౌంట్స్, ఇన్సూరెన్స్, రిజర్వ్ ఫండ్‌లో ఎంతుంది, రాబోయే రెండేళ్లలో పెద్ద పనులు ఉన్నాయా, సెక్షన్ 20 నోటీసులు వెళ్లాయా, ఎవరైనా బాకీ ఉన్నారా, అన్నీ అడుగుతారు. జవాబు ఆలస్యమైతే అమ్మకమే ఆగిపోతుంది.

ఉమ్మడి క్లౌడ్ ఫోల్డర్‌లో ఇవి ఎప్పటికప్పుడు ఉంచండి:

- అన్ని లీజులు, రెండో అంచెలో రాసిన పట్టిక
- ఏడాదివారీ బడ్జెట్, అకౌంట్స్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు
- పంపిన ప్రతి నోటీసు, పంపిన తేదీ, పోస్టల్ రుజువు
- ఇన్సూరెన్స్, ఫైర్ రిస్క్ అసెస్‌మెంట్, ఉంటే ఆస్బెస్టాస్ రిపోర్ట్
- కాంట్రాక్టర్ల గ్యారంటీలు, పని ముందూ తర్వాతా ఫోటోలు

అమ్మేవాళ్లు వెళ్లిపోయే ముందు ఆ ఏడాది లెక్క తేలకపోతే, కొంత సొమ్ము సొలిసిటర్ దగ్గర ఆపి ఉంచమని కొనేవాళ్లు అడుగుతారు. అందుకని పెద్ద పని నోటీసు ఇప్పటికే వెళ్లి ఉంటే ఆ వాటా అమ్మేవాళ్లదా, కొనేవాళ్లదా అన్నది అమ్మకం కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకునే (ఎక్స్ఛేంజ్) ముందే రాతలో తేల్చుకోమని వాళ్లకి చెప్పండి.